పూతలపట్టులో క్లారినెట్ల సభ

దేవరాజులన్న పెట్టిన సభకు వచ్చింది ఇద్దరే. ఆ ఇద్దరిలో నేను లేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కాసేపట్లో మిగతావాళ్ళను కూడా నాలుగు మాటలు అనబోతున్నాను. అప్పుడు నన్ను నేను తప్పించుకున్నానని ఎవరూ అనుకోకూడదు.

దేవరాజులన్నది పూతలపట్టు. చిత్తూరు, తిరుపతి మధ్య తిరిగే బస్సులు ఆగే కూడలికి కూతవేటు దూరంలో ఇల్లు. నాది చంద్రగిరి. ఇద్దరం మేళగాళ్ళం. మా వైపు పెళ్ళిళ్ళలో, గుళ్ళలో నాదస్వరం దొరకని చోట క్లారినెట్ మేళం పెడతారు. ఒక క్లారినెట్టు, రెండు డోళ్ళు, ఒక శ్రుతిపెట్టె, అంతే మేళం. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పన్నెండేళ్ళు ఆయన పక్కన కూర్చుని వాయించి, తర్వాత నా మేళం నేను కట్టుకున్నాను. వేరే మనిషైతే మొహం చాటేసేవాడు. ఆయన తన పాత మౌత్‌పీసు ఒకటి తుడిచి నా చేతిలో పెట్టాడు.

"పండ్లు జాగర్తప్పా. మన బతుకంతా ముందరి నాలుగు పండ్ల మీదే నిలబడి ఉండాది" అన్నాడు.

ఆయన వాయించే తీరు నెమ్మది. పెళ్ళికొడుకు స్నేహితులు సినిమా పాట అడిగితే కాదనడు, వాయిస్తాడు, కానీ దాన్ని కూడా ఎంత నిదానంగా వాయిస్తాడంటే వాళ్ళే విసుగొచ్చి భోజనాలకు పోతారు. అప్పుడు ఖాళీ కుర్చీల ముందు కళ్ళు మూసుకుని తనకు ఇష్టమైన రాగం అందుకునేవాడు. వినేవాళ్ళు లేరన్న బాధ ఆయనకు ఎప్పుడూ ఉండేది కాదు. తోడు వాయించేవాళ్ళు లేరన్నదే బాధ. డోళ్ళవాళ్ళు ఇద్దరుంటారు, క్లారినెట్టు మాత్రం ఎక్కడికి పోయినా ఒక్కటే. నేను పక్కనున్న ఆ పన్నెండేళ్ళు తీసేస్తే, ముప్ఫై అయిదేళ్ళు అలా ఒంటరిగా వాయించాడు.

ఆ సభకు ఆరేళ్ళ ముందు బెంగళూరులో క్లారినెట్ వాద్యకారుల సమావేశం జరుగుతోందని ఎవరో ఫోనులో పంపితే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పెద్ద హోటలు. మూడు రోజుల సభ. ప్రవేశానికి మనిషికి ఎనిమిది వేలు, బస వేరే. ఒక ముహూర్తానికి మా చేతికి వచ్చేది రెండు వేలు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఏ ఆర్కెస్ట్రా నుంచి వచ్చారని మర్యాదగానే అడిగింది. "పూతలపట్టు మేళమమ్మా" అన్నాడు ఈయన. ఆ పిల్ల కాగితాల్లో ఆ పేరు కోసం పాపం నిజంగానే వెతికింది. నాకు తల కొట్టేసినట్టయింది. క్లారినెట్ వాయించేవాళ్ళ సభను క్లారినెట్ వాయించి బతికేవాళ్ళు రాలేని చోట, రాలేని ధరకు పెట్టడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది.

ములబాగిలు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒకాయన మా తెలుగు విని జాలిపడి, తలుపు బయట వరండాలో కాసేపు నిలబడనిచ్చాడు. లోపల నలభై మంది దాకా ఉన్నారు. పాట ఇంకా మొదలు కాలేదు. శ్రుతి చూసుకుంటున్నారు. ఒకరు ఒక స్వరం పట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత హాలంతా అదే స్వరం. దేవరాజులన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

"పాట గూడా గాదు మోహనా, ఒట్టి షడ్జమం" అన్నాడు. "అయినా సూడు."

తిరుగు బస్సులో పలమనేరు దాటాక వేళ్ళ మీద ఏదో లెక్క మొదలుపెట్టాడు. నగరిలో ఫలానా, పుత్తూరులో ఫలానా, పాకాలలో అన్నదమ్ములిద్దరు. చిత్తూరు వచ్చేసరికి లెక్క తేలింది. మన చుట్టుపక్కల క్లారినెట్టు పట్టేవాళ్ళు తనతో కలిపి నలభై నాలుగు మంది.

"మనమే పెట్టుకుందారప్పా. డబ్బులొద్దు. అన్నం నేను పెడతా. పూతలపట్టయితే అన్ని దిక్కుల నించీ బస్సుండాది. ఒక దినం. అందరం కూసోని ఒక్క స పట్టుదాం. సాలు."

అదిగో ఇదిగో అంటూ ఆరేళ్ళు గడిచిపోయాయి. ముహూర్తాలు, జాతరలు, బ్రహ్మోత్సవాలు, మా బతుకుల్లో ఖాళీ రోజంటే పని లేని రోజు. పని లేని రోజున మేళగాడు సంతోషంగా ఉండడు. ఈ లోపల ఆయన పై పంటిచిగుళ్ళ మీద పుండు లేచింది. వక్కాకు నమిలి ఒరుసుకుపోయిందనుకున్నాడు. మానలేదు. వేలూరు తీసుకుపోతే డాక్టర్లు చూసి, పై దవడలో సగం, ముందరి పళ్ళతో సహా తీసేయాలని, ఆగస్టులో ఫలానా సోమవారం రమ్మని చెప్పారు. తీయకపోతే మనిషి దక్కడన్నారు. తీస్తే క్లారినెట్టు దక్కదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఆయనకు సభ గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఇక అదొక్కటే మిగిలింది. ఆ సోమవారానికి ముందు జరగాలి.

ఆ ఏడు అధిక శ్రావణం. నెలంతా పెళ్ళిళ్ళు లేవు. రోడ్డు పక్క కల్యాణమండపం ఆయన మీద గౌరవంతో ఊరికే ఇస్తామన్నారు, ఏ రోజైనా సరే అన్నారు. మండపంలో గోడకున్న కేలండరు చూసి, సోమవారానికి ముందు వచ్చే బుధవారం మీద వేలు పెట్టాడు. దాని మీద ముహూర్తం గుర్తు వేసి లేదు, అంతే ఆయన చూసింది. ఆ గడిలోనే కింద చిన్న అక్షరాల్లో ఆడి కృత్తిక అని ఉంది. తెలుగు నెలల ప్రకారం ఎంత అధికమాసమైనా, ఆడి అరవల నెల, వాళ్ళ లెక్కలో అధికమాసం ఉండదు. ఆడి కృత్తిక తిరుత్తణి సామి పండగ, దానికి మా వైపు వీధి వీధికీ మొక్కు కావడి లేస్తుంది, ముందు మేళం నడవాలి. ఆ రోజున జిల్లాలో ఖాళీగా ఉండే మేళం ఒక్కటీ ఉండదు. నోటి నొప్పితో ఆయన మూడేళ్ళుగా కావడికి పోవడం మానేశాడు. అందుకే తట్టలేదు.

తప్పు అక్కడితో ఆగి ఉంటే సర్దుకునేది. ఫోను చేసి పిలిచి ఉంటే ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్ళు. ఆయన అలా చేయలేదు. ఆ జబ్బు మనిషి వారం రోజులు బస్సులెక్కి ఇంటింటికీ పోయి తాంబూలం ఇచ్చి పిలిచాడు. మా వృత్తిలో తాంబూలం పట్టామంటే మాట ఇచ్చినట్టే, ఇక వాన రానీ వరద రానీ పోవలసిందే. అందులోనూ పెద్దవాళ్ళు ఇచ్చే తాంబూలాన్ని ఎవరూ వద్దనరు. చేతులు చాపి పుచ్చుకున్నారు అందరూ. ఇద్దరు తప్ప అందరూ అప్పటికే కావడి వాళ్ళ దగ్గర తాంబూలం పట్టినవాళ్ళే. "వస్తామన్నా" అన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ రోజు కృత్తిక కదన్నా అని అనలేదు. పక్కవాడు చెప్తాడులే అనుకున్నారు. పక్కవాడు పోతాడులే, నేనొక్కణ్ణి లేకపోతే ఏమనుకున్నారు.

వాళ్ళనెందుకు అనడం. మా ఇంటికీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి వక్కాకు, అరటిపండు ఉన్న పళ్ళెం చాపాడు. పుండు సంగతి, సోమవారం సంగతి మిగతావాళ్ళకు చెప్పలేదు, నాకు ఒక్కడికే చెప్పాడు. బుధవారం అనగానే నాకు తెలిసిపోయింది. నగరి నేతవాళ్ళు తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతారు, పదకొండేళ్ళుగా మేళం నాదే, నెల ముందే తాంబూలం పట్టి ఉన్నాను. చెప్దామని నోరు తెరిచాను.

"అందరూ వస్తామన్నారప్పా. ఒక్కడు గూడా ల్యాదనలా" అన్నాడు.

ఆ మొహం చూసి నోరు మూసుకున్నాను. రెండు చేతులూ చాపి తాంబూలం తీసుకున్నాను. తర్వాత పద్నాలుగు రోజులు ఉన్నాయి. ఫోను నా జేబులోనే ఉంది. మండపం నెలంతా ఖాళీ. బుధవారం కాదు గురువారం పెట్టుకుందామన్నా అని ఒక్క మాట అంటే చాలు. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అనలేదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. చెడు మాట మోసుకుపోయేవాణ్ణి నేను కాకూడదనుకున్నాను, అంతే.

బుధవారం వచ్చిన ఇద్దరిలో ఒకరు గోవిందయ్య. ఎనభై ఏళ్ళ ముసలాయన, చెవుడు, ఆయన్ను కావడికి పిలిచేవాళ్ళు లేరు. రెండోవాడు చిత్తూరు చర్చి బ్యాండులో వాయించే పాల్. కృత్తికతో అతనికి పని లేదు. మధ్యాహ్నం రెండింటి దాకా కుర్చీలు వేసుకుని కూర్చున్నారట. ఎవరికి ఫోను చేసినా ఎత్తలేదట. ఎలా ఎత్తుతాం, అందరి చేతుల్లోనూ క్లారినెట్లే.

నేను గురువారం పొద్దున పూతలపట్టులో బస్సు దిగాను. మండపంలో దేవరాజులన్న ఒక్కడే కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తున్నాడు. ఆయన భార్య చౌడేశ్వరమ్మ మిగిలిన అన్నాన్ని కూడలిలో ఆటోవాళ్ళకు పంచి ఖాళీ గుండిగలు కడుగుతోంది.

"నిన్న ఆడి కృత్తికంట గదప్పా. నేను పెళ్ళిళ్ళే సూసినా, సామిని సూళ్ళేదు" అన్నాడు దేవరాజులన్న. ఇంకో కుర్చీ మడిచి గోడకు ఆనించి, "నీకు తెలుసునా?" అన్నాడు.

"ల్యాదన్నా. నాక్కూడా గుర్తుకు రాలా. ఇంట్లో జొరమొచ్చి పడుకోనుంటి" అన్నాను.

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. కావడి మేళం చెప్పులు లేకుండా నడవాలి. నగరి నుంచి తిరుత్తణి దాకా ఆడి ఎండలో తారురోడ్డు. నా రెండు పాదాలూ బొబ్బలెక్కి ఉన్నాయి, చెప్పుల్లో సరిగ్గా దూరడం లేదు. ఆయన మడిచిన కుర్చీ ఒకటి మళ్ళీ విప్పాడు.

"కూసోప్పా, నిలబడలేవు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. సంచిలోంచి క్లారినెట్టు తీసి, "మనిద్దరమన్నా పట్టుకుందామన్నా, షడ్జమం" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రెండు క్లారినెట్లయితే పన్నెండేండ్లు విన్నాం గదప్పా" అన్నాడు. మిగిలిన కుర్చీలు మడవడానికి పోయాడు.

సోమవారం వేలూరులో ఆపరేషను జరిగింది. ఆ తర్వాత తొమ్మిది నెలలు బతికాడు. మాట ముద్దముద్దగా వచ్చేది, చౌడేశ్వరమ్మకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేను పోయినప్పుడల్లా నా పాదాల సంగతి ఎత్తుతాడేమోనని భయపడేవాణ్ణి. ఎప్పుడూ ఎత్తలేదు. మళ్ళీ సభ పెడదామని, ఈసారి నేనే పిలుస్తానని రెండుసార్లు అన్నాను. చెయ్యి ఊపి ఊరుకున్నాడు.

మే నెలలో పోయాడు. మామూలుగా అది మాకు ఊపిరాడని నెల. ఆ ఏడు మూఢం వచ్చి ముహూర్తాలు లేవు. చావుకబురుకు ఎవరూ తాంబూలం ఇచ్చి పిలవరు. అయినా పదింటికల్లా నగరి నుంచి, పుత్తూరు నుంచి, పాకాల నుంచి బస్సు బస్సుకూ దిగారు. ఆ వీధిలో నిలబడి, ఆయన బస్సులో లెక్కపెట్టినట్టే నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాతో కలిపి నలభై ఒక్కరం. ఆయన పోగా లెక్కకు ఇద్దరు తక్కువ. ఒకాయన అంతకు ముందే కాలం చేశాడు, ఇంకొకాయన కువైట్‌లో ఉన్నాడు.

అందరూ ఉత్త చేతులతో వచ్చారు. మాది మంగళవాద్యం. పెళ్ళిలో తాళికి, గుడిలో దేవుడికి వాయించే దాన్ని శవం ఉన్న ఇంటికి తీసుకుపోము. పోయినవాడు మేళగాడైనా అంతే. తీసుకుపోయామని తెలిస్తే మళ్ళీ ఏ పెళ్ళివాళ్ళూ పిలవరు.

శవాన్ని ఎత్తే ముందు చౌడేశ్వరమ్మ లోపలికి పోయి ఆయన క్లారినెట్టు తెచ్చింది. గడపలో నిలబడింది. మేళగాడి ఇంట పుట్టి మేళగాడి ఇంటికే వచ్చిన మనిషి, ఆమెకు తెలియని ఆచారం లేదు.

"పాట అడగలేదప్పా నేను. ఒక్క స. మీలో ఎవురైనా సరే" అంది.

ఎవరి చెయ్యీ లేవలేదు. ఆమె అందరినీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది. నేను నా పాదాలు చూసుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుంటూ లోపలికి తీసుకుపోయింది.

నలభై ఒక్కరం ఆ ఇంటి ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఆ రోజున మేము ఎవరి దగ్గరా తాంబూలం పట్టి లేము.