చెలమలో టిఫిన్ డబ్బాలు

మొన్న ఆదివారం ఒక ఊరి మంచినీళ్లలో ఎనిమిది టిఫిన్ డబ్బాలు కడిగించాను. నదిని కాపాడదాం అంటూ పిల్లల్నీ అమ్మానాన్నల్నీ విశాఖ నుంచి అనంతగిరి దాకా వ్యాన్‌లో తీసుకెళ్లింది కూడా నేనే.

గోస్తని నదిలో కలిసే చిన్న వాగు, అక్కడివాళ్ల మాటలో గెడ్డ, దాని ఒడ్డున పిల్లల్ని కూచోబెట్టి లెక్చర్ దంచాను. "నదిని తల్లి అనకండి. అలా అన్నవాళ్లే నది నెత్తినా, తల్లి నెత్తినా చెత్త పోశారు. ఆదివాసీలు నీటిని ఎలా చూసుకుంటారో ఇవాళ కళ్లారా చూడండి." ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మగవాళ్లు ఫోన్లలో తీశారు.

పులిహోర తిన్నాం. డబ్బాల నిండా నూనె. ఒక పిల్ల గెడ్డలో ముంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "నూనె కలిస్తే చేపలేమవుతాయి? అదిగో, ఆ గుంటలో కడగండి."

ఒడ్డున ఇసకలో మోకాలి లోతు గుంట, అడుగున తేట నీళ్లు. ఎవరో పిల్లలు ఆడుకుంటూ తవ్వారనుకున్నాను. పర్యావరణం మీద ప్రేమకొద్దీ సబ్బు కూడా వాడలేదు, ఇంటినుంచి కుంకుడురసం తెచ్చాను. బ్రహ్మాండంగా నురగొచ్చింది.

అప్పుడే ఒకామె రెండు బిందెలూ చెంబూ పట్టుకుని దిగింది. పేరు బుద్రి అని తర్వాత తెలిసింది.

"ఏటి సేత్తన్నారమ్మా?"

"డబ్బాలు కడుగుతున్నాం అక్కా. గెడ్డ పాడవకూడదని."

"గెడ్డ బాగుంది. మా సెలమ పోయింది. మా తాగే నీళ్లవి. తెల్లారే తవ్వి, తేరుకోడానికి ఒగ్గేసినాను. ఇంటికాడ ఏడుగురం, ఇప్పుడు పొయ్యిమీద ఏటెట్టాల?"

నీళ్లకోసం ఆడవాళ్లు పడే చాకిరీ మీద మూడు వ్యాసాలు రాశాను. చెలమను మాత్రం గుర్తుపట్టలేదు.

ఒక నాన్నగారు వాటర్ బాటిల్ చాపాడు. ఆమె బాటిల్ వంకా బిందె వంకా చూసి, "తవ్వండి" అంది.

కొత్త చెలమ కోసం నేనూ తల్లులూ ఇసకలోకి దిగాం. తవ్విందల్లా ఇసక జారి పూడిపోతోంది. మగవాళ్లు వీడియో తీస్తున్నారు. బుద్రి వాళ్లకేసి తిరిగింది.

"ఏటి బాబూ, సేతులు ఇంటికాడ ఒగ్గేసి ఫోన్లు అట్టుకొచ్చినారా?"

ఫోన్లు జేబుల్లోకి పోయాయి. ఇన్నేళ్ల నా ఉపన్యాసాలకు ఇంత ఫలితం ఎప్పుడూ రాలేదు.

రెండు గంటలు తవ్వాక నీళ్లూరాయి. బురద తోడి పారబోసి, తేటపడ్డాక మొదటి చెంబు గెడ్డలో పోసిందామె. "ముందు దానికి. మనం తరవాత." పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. నా లెక్చర్‌ని ఒక్కరూ అలా వినలేదు.

బిందె చంకనెత్తుకుంటూ నన్నడిగింది, "మళ్లీ ఎప్పుడొత్తారు?"

నాకు ఛాతీ పొంగింది. "మీరెప్పుడు రమ్మంటే అప్పుడే, అక్కా."

"రమ్మని కాదమ్మా. సెప్తే ముందురోజే నీళ్లు తోడేసుకుంటాం."