అంగారకుడి మీద ఎండిన చెరువు

బళ్లారిలో స్టీలు గ్లాసులో టీ ఇచ్చే కొట్టు ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడిచ్చే కాగితపు కప్పు బొటనవేలంత. మొదటి గుక్కలో కాగితం వాసన, రెండో గుక్కలో టీ వాసన, మూడో గుక్క ఉండదు. మొన్న బస్టాండు ఎదుట ఆ మూడో గుక్క కోసం కప్పులోకి చూస్తూ నిలబడి ఉంటే ఫోనులో ఒక బొమ్మ వచ్చింది. అంగారకుడి మీద పెద్ద గుంత, నాలుగు తాలూకాలు పట్టేంత. ఒకప్పుడు అది చెరువట. ఏరు వచ్చి అందులో కలిసిన చోటికి రోవర్ అనే ఆరు చక్రాల బండి వెళుతోందట. ఆ ఎండిన ఒండ్రులో, ఎప్పుడో బతికినదాని ఆనవాలు దొరకవచ్చునట. శాస్త్రజ్ఞులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారని రాశారు. నేనూ బిగబట్టాను. నాకిది రెండోసారి.

మొదటిసారి నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు కంప్లి దారిలో, తుంగభద్ర కాలువ మా పొలిమేర దాకా వచ్చి మనసు మార్చుకున్న చోట ఉంటుంది. మాకు చెరువే దిక్కు. అది నిండిన ఏడాది బురదలో నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు, గట్టు మీద ఆరే చీరలు, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి వేరుశనగల ఊరిబిండి, ఆదివారం గుడి నుంచి రాగానే చింతచిగురు వేసి వండిన నత్తల కూర, క్రిస్మస్‌కు మా మిషన్ వీధి పొడవునా కజ్జికాయలు వేగే వాసన, ఉగాదికి పెద్ద వీధి నుంచి ఆకుల్లో చుట్టి పంపే తియ్యటి ఓళిగలు, ఇవన్నీ ఆ నీళ్లలోంచే వచ్చేవని అప్పట్లో నాకు తెలియదు.

రెండేళ్లు వరసగా వానల్లేవు. చెరువు అడుగు పగిలి పెంకులు పెంకులుగా లేచింది. పిల్లలకు అంతకంటే మేలైన కాలం లేదు. ఆ పెంకులే మా ఉత్తుత్తి హోటలుకు ప్లేట్లు, కర్రాబిళ్లలో ఎంత దూరం కొట్టినా బిళ్ల నీళ్లలో పోయేది కాదు. ఇటుకల బట్టీ యజమాని ఒకాయనకు కూడా ఆ నేల నచ్చింది. ఊరి పెద్ద వీరభద్రప్ప ఇంకా సరే అనకముందే ఆయన ట్రాక్టరు చెరువులో దిగి నిలబడింది. చెరువు ఇటుకలైపోతే నాట్లు లేవు. నాట్లు లేకపోతే మా మేనత్త మార్తమ్మకు కూలి లేదు. ఆ కూలి మీద మా ఇంట్లో ఏడుగురం తినేవాళ్లం.

గట్టు మీద పంచాయితీ కూర్చుంది. నోట్లో వక్కాకు ఉన్నంతసేపు వీరభద్రప్ప తీర్పు చెప్పడు. ఆ రోజు తొందరగానే ఉమ్మేశాడు.

“చచ్చిన చెరువుకు ఇంగా కాపలా ఏంది మార్తమ్మా?”

“చచ్చిందో నిద్ర పోతాండాదో ఎవురు చూసినారప్పా? రోంతసేపు సుమ్నె కూసో, చూపిస్తా.”

అత్త పార పట్టుకుని దిగింది. వంక వచ్చి చెరువులో కలిసే చోట ఆగి, చెప్పులు విప్పి, మడమతో నేలను అదిమి చూసింది. మొదట తవ్విన చోట తెల్లబారిన ఖాళీ గుల్ల వచ్చింది.

“పాస్టరును పిలిపించు మార్తమ్మా, సమాధి చేస్తాం!” అని గట్టు మీద ఎవరో అంటే అందరూ నవ్వారు.

రెండో గుంతలో, మూరెడు లోతున, మూత బిగించుకున్న నత్త దొరికింది. అత్త దాన్ని కొంగుతో తుడిచి, తెచ్చి, వీరభద్రప్ప తాగడానికి పెట్టుకున్న నీళ్ల గ్లాసులో వేసింది. ఆయన గ్లాసు మా వీధివాళ్లు ముట్టుకునే వస్తువు కాదు. ఆ సంగతి అందరికీ నత్త మునిగాక గుర్తొచ్చింది.

ఊరంతా గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. ఎండ నెత్తికెక్కింది. బట్టీ యజమాని రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అత్త పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, నత్తను తిట్టడమో నాకు వినపడలేదు. చివరికి మూత గోరంత పక్కకు జరిగింది. ఒక మీసం బయటికొచ్చి, పంచాయితీని చూసి, మళ్లీ లోపలికి పోదామా అన్నట్టు ఆగింది.

“కదిలింది!” అని నేనే అరిచాను.

వీరభద్రప్ప గ్లాసు దగ్గరికి వంగి చూశాడు. “సరే, ఈ వానాకాలం చూస్తాం. బండి తీయప్పా,” అన్నాడు బట్టీ ఆయనతో.

ఆ వానకు చెరువు నిండలేదు. మోకాటిలోతు వచ్చింది. ఆ మోకాటిలోతు నీళ్లే మా ఏడుగురి పళ్లేల్లోకి అన్నం తెచ్చాయి, తర్వాత నన్ను కాలేజీ దాకా తోశాయి. డిగ్రీ చేతికొచ్చాక ఎందరికో కృతజ్ఞతలు చెప్పాను గానీ, నత్తకు ఎలా చెప్పాలో ఆ చదువులో లేదు. అత్త దాన్ని చెరువులోనే వదిలింది. దాని చుట్టాలు మాత్రం తర్వాత చింతచిగురులో కనిపించారు.

ఇప్పుడు ఊళ్లో బోర్లున్నాయి, నాట్లకు మిషన్లున్నాయి. మందుల దెబ్బకు నత్తలు పోయాయి, మడమతో నేలను చదివే ఆడవాళ్లూ పోయారు, ఒక్కరు తప్ప. రోవర్‌కు ఏం దొరుకుతుందో నేను చెప్పలేను. బంకమన్ను, ఉప్పు, కాలం కలిసొస్తే కంటికి ఆనని ప్రాణి విడిచిన గుర్తు. ఖాళీ గుల్ల దొరికినా సరే, నేను నవ్వను.

నిన్న ఊరికి వెళ్లి ఆ బొమ్మ అత్తకు చూపించాను. ఎనభై దాటింది, ఫోను చేయంత దూరం పెట్టి చూసింది.

“చెరువే. ఒండ్రు బాగుండాది. బండి ఎవురిదప్పా?”

“శాస్త్రజ్ఞులది అత్తా. ఆడ ఏమన్నా బతికిందా అని చూస్తాండారు.”

అత్త ఫోను నా చేతిలో పెట్టేసింది.

“ఎండిన చెరువులో బండి దింపినోడు ఊరికే చూసి పోడప్పా.”