పిండినల్లిని తినే పురుగుల కోసం అత్తిబెలె దాకా

మా మిద్దె మీద కుండీలు ఉంటాయా పోతాయా అన్న పరిస్థితి వచ్చి, ఒక శనివారం బెంగళూరులో మేముండే బొమ్మనహళ్ళి నుంచి ఊరి శివార్లు దాటి అత్తిబెలె వెళ్ళాను. మేము అద్దెకుండేది పై అంతస్తులో. మిద్దె మీద నా మందారాలు, కరివేపాకు, ఆకుకూరలు, వాటి పక్కనే కింద ఉండే ఇంటి ఓనరు సరోజమ్మగారి దానిమ్మ. ఈ ఎండాకాలం మందారానికి పిండినల్లి పట్టింది. కొమ్మల సందుల్లో దూది అంటించినట్టు కూర్చుని రసం తాగే పురుగు అది. సబ్బునీళ్ళు, వేపనూనె నెలంతా కొట్టాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది, దానిమ్మకూ పాకింది. ఆదివారం మందు కొట్టే మనిషిని పిలుస్తానని, దానికీ పోకపోతే నా కుండీలన్నీ దించేయాలని సరోజమ్మగారు చెప్పేశారు. మేము తినే ఆకు మీద ఆ మందు పడటం నాకిష్టం లేదు. పిండినల్లిని తినే పురుగులను అత్తిబెలె దగ్గర ఒకాయన పెంచి అమ్ముతాడని తోటల గ్రూపులో ఎవరో రాశారు. నాకు నమ్మకం కుదరలేదు. అయినా కళ్ళతో చూసి వద్దామనుకున్నాను. సంగతి విని సరోజమ్మగారు కూడా చెప్పులేసుకున్నారు. నేనొక్కదాన్నే వెళితే వాడు చెప్పిందల్లా నమ్మి వస్తానని ఆమె అనుమానం.

ఎనిమిదికల్లా హోసూరు రోడ్డు మీద బస్సెక్కాం. మామూలు బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, కాబట్టి ఏసీ బస్సు కోసం ఆగనక్కర్లేదు. గంటంపావు పట్టింది. దారంతా సరోజమ్మగారు, పురుగుల్ని డబ్బు పెట్టి కొనుక్కునే వాళ్ళం మనమేనేమో అంటూనే ఉన్నారు. అత్తిబెలెలో ఆటో అతను రెండు వందలు అడిగి నూట ఇరవైకి వచ్చాడు. ఊరు దాటి లోపలికి నాలుగు కిలోమీటర్లు.

మునిరాజు అనే ఆయనది రేకుల షెడ్డు, తలుపుకు దోమతెర. లోపల చెక్క అరల నిండా గుమ్మడికాయలు, వాటి మీద పిండినల్లి ఎంత దట్టంగా ఉందంటే కాయ రంగు కనబడలేదు. ఇదేదో మోసమనిపించింది నాకు. సరోజమ్మగారు గడపలోనే ఆగిపోయారు.

"ఏమప్పా, నల్లిని పెంచేదీ నువ్వే, దానికి మందు అమ్మేదీ నువ్వేనా? ఊర్లోకి వదిలిపెట్టేదీ నువ్వే అయ్యుంటావు."

ఆయన నవ్వాడు. "మరి నా పురుగులు ఏం తిని బతకాలక్కా? ఇవి వాటికి అన్నం. రెండు తలుపులు దాటి బయటికి పోలేవు."

మాట బాగానే ఉంది, మాటలు ఎవరైనా చెబుతారు. మా మందారం కొమ్మ ఒకటి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. అమ్మేది దీని మీద వదిలి చూపించమన్నాను. ఆయన నల్లటి చిన్న పెంకుపురుగును వదిలాడు. అక్షింతల పురుగు జాతిదే, తల వైపు మాత్రం నారింజ రంగు. అది తినడం మొదలుపెట్టింది. తర్వాత దాని పిల్లలంటూ ఆయన వదిలినవి అచ్చం పిండినల్లిలా తెల్లగా, దూది పూసుకుని ఉన్నాయి.

"ఇది నల్లినే కదప్పా," అన్నారు సరోజమ్మగారు.

"నడక చూడక్కా. నల్లి ఒకచోట అతుక్కోని తాగతా ఉంటాది. ఇది తిరగతా ఉండాది చూడు."

భూతద్దం తీసుకుని వంతులవారీగా చూశాం. ఆ తెల్లది చకచకా నడిచి నల్లి గుడ్ల మూటలో తల దూర్చింది. సరోజమ్మగారు భూతద్దం చాలాసేపు తిరిగివ్వలేదు.

పురుగుల డబ్బా మూడు వందల యాభై. మూత మీద టేపు వేసి ఇచ్చాడు, నేను విప్పించాను. మూడోవంతు వెల్లకిలా పడి చచ్చి ఉన్నాయి. ఎండకు అలా అవుతుందంటూ ఇంకో డబ్బా తెచ్చాడు. విప్పించకపోతే వాటినే అమ్మేవాడు. ఆకులకు మెరుపు తెస్తుందని ఒక కషాయం సీసా కూడా అంటగట్టబోతే వద్దన్నాను.

తిరుగు బస్సులోనే సరోజమ్మగారు మందు మనిషికి ఫోన్ చేసి రావద్దన్నారు. నా వైపు తిరిగి, "నాలుగు వారాలు ఇస్తా. ఆ మీద నువ్వేం చెప్పినా వినను," అన్నారు. ఆ సాయంత్రం చల్లబడ్డాక పురుగుల్ని వదిలాం.

రెండు వారాలకు మిద్దె మీద తెల్లవి మునుపటికంటే పెద్దవిగా, ఎక్కువగా కనబడ్డాయి. సరోజమ్మగారు ఫోన్ పట్టుకుని పైకి వచ్చారు. మోసపోయామని నేనూ అనుకున్నాను. అగ్గిపుల్లతో ఒకదాన్ని తాకాను, పరుగెత్తింది. ఇంకోదాన్ని తాకాను, అదీ పరుగెత్తింది. ఆమె ఫోన్ తీసి జాకెట్లో పెట్టుకున్నారు. నాలుగో వారానికి మందారం మొగ్గ వేసింది. దానిమ్మకు ఒక కొమ్మ మీద మాత్రం కొంచెం మిగిలింది. కుండీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తిండి అయిపోయాక పురుగులు కనబడటం మానేశాయి. సరోజమ్మగారికి ఇప్పుడు పక్కింటి మిద్దె మీద అనుమానం. "దుడ్డు మనది, తినేది వాళ్ళ మొక్కల మీదనా?" అని గోడ మీదుగా తొంగి చూస్తున్నారు.

ఆ రోజు నా అనుమానం డబ్బా విషయంలో నిజమైంది, గుమ్మడికాయల విషయంలో తప్పయింది. విప్పి చూడకుండా ఈ రెండూ తెలిసేవి కావు. ఇప్పటికీ ఆ మనిషిని పూర్తిగా నమ్మానని చెప్పను. ఆ పురుగులను మాత్రం నమ్ముతాను.

వెళ్ళాలనుకునేవారికి ఒకటే మాట: ముందు చీమల సంగతి చూసుకోండి. నల్లి వదిలే తీపి కోసం చీమలు దానికి కాపలా కాసి ఈ పురుగులను తరిమేస్తాయి. కాండం చుట్టూ టేపు చుట్టి, దాని మీద వాజలైన్ పూసి, చీమల బారు ఆగిందని చూసుకున్నాకే బస్సెక్కండి.