తేమ మీటరు సేటు

మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే గిరిధర్ సేటు, కొలతకు అందనిది లోకంలోనే లేదంటాడు. మనసన్నా ఆయనకు మెదడులో పారే కరెంటే. దేవుడి పటానికి తేమ మీటరు ఆనించి, ఏమీ చూపలేదని అగరుబత్తి మానేసిన ఘనుడు!

ఆయన మిల్లులో ముప్పై ఏళ్లుగా వడ్లు ఆరబోసే జమ్లీ ఒకరోజు కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుంది.

"ఇంకో రెండెండలు గావాలె సేటూ. గిప్పుడే గోదాంల ఏస్తే ఖరాబైతయి."

"తేమ పద్నాలుగు శాతమే, సరిపోయిందని మీటరు చూపిస్తుంటే, ఎండలేదని నీకెట్ల తెలిసిందే?"

"తెలుస్తది."

"ఏడ తెలుస్తది? చేతులనా, నెత్తిలనా?"

"నీకు ఆకలైతే ఏడ తెలుస్తది సేటూ? మీటరు వెట్టి సూసుకున్నంకనే తింటవా?"

హమాలీలు పగలబడి నవ్వారు. సేటుకు రోషమొచ్చి, ఆ పూటే వెయ్యి బస్తాలు గోదాంలో వేయించాడు.

పది రోజులకు తలుపు తీస్తే ఆవిరి ముఖాన తన్నింది. ఆడించి చూస్తే బియ్యం పసుపు కొమ్ముల్లా తేలాయి. ఇకనైనా బుద్ధొస్తుందనుకున్నారు అందరూ. సేటు మాత్రం సూర్యాపేట నుంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, జమ్లీ అరచేతికి తీగలు తగిలించి, ఆ తెలివి ఎన్ని వోల్టులో కొలవమన్నాడు.

జమ్లీ కొంగు దులుపుకుని పక్క మిల్లులో పనికి పోయింది.