నా గోరు గుర్తున్న సీసం గుండు

నా చిన్నప్పుడు మా తాతయ్య తుపాకీ పేలిస్తే పటాన్‌చెరు దాకా కాకులు లేచిపోయేవి. పటాన్‌చెరు దాకా అన్నది నేను కలిపింది. మా ఊరి కాకులు మాత్రం నిజంగానే లేచేవి. నేను చెప్పేవాటిలో ఎంత తీసేసి వినాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇందులో ఆ కాకులు తప్ప తీసేయవలసింది ఏమీ లేదు.

మా ఊరు కాజీపల్లికి దగ్గర. తాతయ్యది పాతకాలపు నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, సీసం గుండు జారవిడిచి, ఇనుప కడ్డీతో దట్టించాలి. చేలను అడవిపందుల నుంచి కాయడానికని దానికి లైసెన్సు ఉండేది. గుండ్లు ఇంట్లోనే పోసుకునేవాడు. మక్క కంకులు, అదే మొక్కజొన్న కంకులు, పాలుపట్టే రోజుల్లో వాకిట్లో మూడు రాళ్లు పెట్టి మంట చేసేవాడు. మంజీరలో చేపలు పట్టేవాళ్ల పాత వలలకున్న సీసం బిళ్లలు తెచ్చి ఇనుప గంటెలో కరిగించేవాడు. అడకత్తెర లాంటి అచ్చు ఒకటుండేది. దాన్ని దీపం పొగకు పట్టి, లోపల నల్లగా మసి పట్టాక గంటె వంచేవాడు. అచ్చు వేడెక్కేదాకా గుండ్లు ముసలి మొహాల్లా ముడతలుపడి వచ్చేవి. అవి మళ్లీ గంటెలోకే. తడి చేత్తో ఎవరు దగ్గరికొచ్చినా కసిరేవాడు. ఒక్క నీటిచుక్క పడిందంటే కాగిన సీసం మొహం మీదికి చిమ్ముతుంది. ఇక మా నానమ్మ, చేతులు కడుక్కోనిదే మమ్మల్ని గడప దాటనిచ్చేది కాదు.

ఒక ఏడు చల్లారిన గుండొకటి తీసుకుని దానిమీద బొటనవేలి గోరు గట్టిగా నొక్కాను. నెలవంకలా గుర్తు పడింది.

"ఇది నాది తాతా. దీంతోని పడ్డ పంది నాదే."

"గట్లనే గానీ, తోక నీకు, మిగిలింది ఊరికి" అన్నాడు.

పక్కింటి అక్కకు భర్త లేడు. ఇద్దరు పసిపిల్లలు. ఉన్నదల్లా ఒక్క మక్కచేను, ఏడాది తిండి గాసమంతా అందులోంచే రావాలి. ఒకనాడు పొద్దుగూకుతుండగా ఉరికొచ్చింది. "కాకా, జల్దీ రా! మంద దిగింది. ఒక్కదాన్నన్న పడగొట్టు, మిగిలినయి మల్ల ఇటు రావు."

నేనూ వెంట ఉరికాను. గట్టుమీద తాతయ్య చేతికి నా గుండే ఇచ్చాను. దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి, గొట్టం మూతికి ఆనించి, కడ్డీతో దట్టించి పేల్చాడు. పొగ కమ్మింది. పందులు చేను చివరిదాకా పరుగెత్తి, అక్కడ నిలబడి, మెల్లగా వెనక్కొచ్చాయి. మళ్లీ పేల్చాడు. ఇంకోసారి. చివరికి అవి తలకాయ కూడా ఎత్తలేదు. అక్క పళ్లెం మీద గరిటెతో బాదుతూ ఏడుస్తోంది. మక్కకర్రలు పటపటా విరుగుతున్న చప్పుడు వింటూ గట్టుమీద నిలబడటం తప్ప మేము చేయగలిగిందేమీ లేకపోయింది.

"నువ్వేం జేస్తవ్ కాకా, గురి కుదరలే" అని అక్కే ఆయనకు చెంబుతో మంచినీళ్లిచ్చింది.

ఇంటికొచ్చాక తాతయ్య తంబాకు సంచి తెమ్మన్నాడు. సంచిలో చెయ్యి పెడితే బరువుగా తగిలాయి, గుండ్లు. ఒకదాని మీద నా గోరు నెలవంక.

"నువ్వు గుండే ఎయ్యలే తాతా!"

తాతయ్య సంచి తీసుకుని మూతి బిగించాడు. తెల్లారి నన్ను ఆ గట్టుమీదికే తీసుకుపోయాడు. నేలకు ఒరిగిన మక్కకర్రల అవతల రేకుల గదులు, ఆరేసిన బట్టలు, బిందెల దగ్గర ఆడవాళ్లు. చేని పక్క బాటలో టిఫిన్ డబ్బాలతో కంపెనీకి పోయే మనుషులు.

"నా పడుసు వయసుల అటు దిక్కంత గుట్టబోరే, మనిషి అలికిడి లేకుండె. ఇప్పుడు ఏ కర్ర ఎనుక ఎవరున్నరో నాకేం ఎర్క బిడ్డా? ఇడిసినంక గుండు ఆగుమంటె ఆగుతదా?"

"మరి గదే అక్కకు చెప్పరాదు?"

"చెప్తె చేను సుట్టు కరెంటు తీగ గుంజుతరు. దానికి పందేందో మనిషేందో తెల్వది. నేను కాలుస్తున్ననని నమ్మినన్ని దినాలు తీగ జోలికి పోరు."

ఆ సాయంత్రం అక్క, పందులు కొరికి వదిలేసిన కంకుల్లో మంచి గింజలున్నవి ఏరి, కాల్చి మాకు పట్టుకొచ్చింది. "నా చేను కోసం అంత తిప్పల పడ్డవు కాకా, తిను" అంది. తాతయ్య కంకి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క గింజ ఒలిచి నోట్లో వేసుకున్నాడు, నమలలేదు. నా వైపు చూశాడు. నోటిదాకా వచ్చిన మాటను నేనూ మింగేశాను. అక్క తృప్తిగా వెళ్లిపోయింది. ఆ పిల్లలకు ఆ ఏడు గాసం ఎక్కడినుంచి వచ్చిందో మా ఇద్దరిలో ఎవరమూ అడగలేకపోయాం.

ఆ తరువాత కూడా తాతయ్య ఏటా వాకిట్లో, అందరి ఎదుట గుండ్లు పోస్తూనే ఉన్నాడు. పాత గుండ్లే కరిగించి కొత్తవి. నాది మాత్రం గంటెలో వేయలేదు.

ఇప్పుడు ఆ చేనులో గోదాము ఉంది. నా గుండు బీరువాలో, పిల్లలకు అందని డబ్బాలో ఉంది. ఆ నెలవంకలో నా గోరు ఇక పట్టదు. నలుగురూ చేరి కథ చెప్పమంటే నేను మందు బాగా దట్టిస్తాను, పొగ లేపుతాను, కాకుల్ని పటాన్‌చెరు దాకా తరుముతాను. ఎవరికైనా తగిలే మాట, ఆ గుండు మాత్రం, జారవిడవను. అవతల ఎవరున్నారో నాకేం తెలుసు?