మొయినాబాద్ దారిలో నీలం గేటు

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, ఆ పొద్దున పాత నవాబుల తోటలో నేను కనిపెట్టిన చిన్న డబ్బా ఫోటో చూసుకుంటున్నాను. పక్క సీట్లోని అవ్వ తొంగి చూసి, ఏందని అడిగింది.

"ఆట అవ్వా. ఒకరు దాస్తరు. ఫోన్ల మ్యాపు మీద గుర్తు చూసుకుంట మేం దేవులాడుతం."

"అండ్ల ఏముంటది?"

"పోరగాండ్లు ఆడుకునే గాజు గోలీ ఒకటి ఉన్నది. చూసి, తీసిన కాడనే మళ్ల పెట్టాలె. జర అటిటు జరిపినా తర్వాత వచ్చెటోళ్లకు దొరకదు."

చాలా గొప్పగానే చెప్పాను. మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్ గోడలు మొదలయ్యాక అవ్వ ఒక నీలం గేటు చూపించింది.

"గా గేటెనక భూమి మా చెల్క. అండ్లనే మా ఆయన సమాధి ఉండె. దాన్ని ముట్టం అని ఒట్టేసి కొన్నరు. ఈస్టర్ పొద్దుగాల పూలు పట్టుకొని పోతే, అంత చదును చేసి గడ్డి పెంచిన్రు. సమాధిల ఆయన బొక్కలు యాడ వెట్టిన్రు బిడ్డా అంటే వాచ్‌మన్ గేటేసిండు."

స్టాపు రాగానే ఆమె లేచింది.

"గోలీకి గంత ఇజ్జతా!" అని నవ్వి దిగిపోయింది.

ఆ నీలం గేటు ఇప్పుడు నాకు ఫోన్ చూడకుండానే దొరుకుతోంది.