ఉప్పు మానిన వంటవాడు

1952 వేసవిలో నన్ను హెల్త్ విజిటర్‌గా బెళుగుప్ప దగ్గర కరువు పనికి పంపారు. కూలీలు రోడ్డుకు కంకర కొట్టేవారు. మధ్యాహ్నం వాళ్లకు సర్కారు గంజి పోసేవారు. ఆ గంజి తాగదగినదో కాదో చూడడం నా పని. దానికి నిబంధన ఒకటే: వండినవాడు కూలీల ఎదుట ముందుగా ఒక గిన్నె తాగాలి.

వంటవాడు నాగప్ప తాగేవాడు కాడు. మేనమామ కూతురిని తనకే ఇస్తారని అతని నమ్మకం. ఉగాది దాటాక ఆమెను గార్లదిన్నెలో నీళ్లున్న బావి గల ఇంటికి ఇచ్చారు. ఆ దుఃఖంలో నాగప్ప ఉప్పు మానేసి, తన కూడు కారం, పులుపుతో సరిపెట్టుకునేవాడు. మా వైపు మొక్కుకైనా, మంకుకైనా ఉప్పు మానడం మామూలే. రుచి చూడడు కనుక గంజిలో ఉప్పు అతని మనసును బట్టి పడేది. ఆ వేసవంతా మనసు బాగుండలేదు.

అతనికి మినహాయింపు ఇచ్చినవాడు మేస్త్రీ రంగయ్య. ఈయన భార్య పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. సానుభూతిగా తానూ మజ్జిగలో ఉప్పు మానాడు. విరహం అంటువ్యాధుల జాబితాలో లేదు గానీ, చేర్చదగినదే.

ఎండలో చెమటతో పోయిన ఉప్పు ఒంటికి తిరిగి చేరాలి. నేను వెళ్లిన వారానికే ఓబులమ్మ అనే కూలీ పిక్కలు పట్టేసి కంకర మీద పడిపోయింది. లేచి కూర్చోగానే నాగప్పను నిలదీసింది.

"ఏమప్పా, నీ మామకూతురు పోతే మా గంజిలో ఉప్పు గూడా పోవల్లనా?"

మర్నాడు నేనే గిన్నె నింపి నాగప్ప ముందు పెట్టాను. తాగాలి, లేదా గరిటె వదలాలి అన్నాను. గరిటె వదిలితే అతనికీ, ముసలి తల్లికీ ఆ కరువులో మరో ఆధారం లేదు.

"మనసు కాలినోడమ్మా, ఇడిసిపెట్టండి," అన్నాడు మేస్త్రీ.

"తాగితే ఆ పిల్లను మర్చిపోయినట్ల అయితాదమ్మా," అన్నాడు నాగప్ప.

"ఆ పిల్ల ఆడ ఉప్పూ కారం ఏసుకోని సుబ్బరంగా తింటాండాదిలేప్పా. తాగు!" అంది ఓబులమ్మ.

కళ్లు మూసుకుని తాగాడు. వెంటనే ఉమ్మేశాడు.

"థూ! ఇంత సప్పగుండాదేందిది? ఇన్నాళ్లూ ఇదే తాగినారా?"

"నువ్వు ప్రేమించినావు, మేము తాగినాము," అంది ఓబులమ్మ.

నాగప్ప గుప్పెడు ఉప్పు తెచ్చి గుండిగలో వేసి, కలిపి, మళ్లీ రుచి చూశాడు. మేస్త్రీ మాత్రం తన మజ్జిగ చప్పగానే తాగుతూ వచ్చాడు. అది ఆయన సొంత మజ్జిగ కనుక నేను కలగజేసుకోలేదు.

ఆ తర్వాత నా సర్వీసులో వంటవాళ్లను చాలామందిని తీసుకున్నాను. ఎవరినీ మనసు సంగతి అడగలేదు. ఉప్పు తింటావా అని మాత్రం అడిగాను.